నీమ్ డేటా ప్రమాణం, ఒక సమీక్ష: శాఖ మారినా సమాచారం అర్థం మారకూడదంటే

అమెరికాలో ఒక ప్రభుత్వ శాఖ తన దగ్గరున్న రికార్డును మరో శాఖకు పంపవలసి వచ్చినప్పుడు, రెండు శాఖల కంప్యూటర్ వ్యవస్థలూ ఒక మాటను ఒకే అర్థంలో వాడేలా చూడడం కోసం తయారైన ఉమ్మడి డేటా ప్రమాణం నీమ్. నేషనల్ ఇన్ఫర్మేషన్ ఎక్స్ఛేంజ్ మోడల్ అన్నది దాని పూర్తి పేరు. కోర్టులు, జైళ్లు, పోలీసు విభాగాల మధ్య రికార్డులు నడిచే ప్రాజెక్టుల్లో పనిచేస్తూ నేను దీన్ని దగ్గరగా చూశాను, ఇప్పటికీ వాడుతున్నాను. అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల ఐటీ పనుల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమందికి ముందుగా చేతికొచ్చేవి, సందేశంలో ఏ అంశం ఏ రూపంలో ఉండాలో చెప్పే స్కీమా ఫైళ్లు. వాటి వెనుక ఏ ఆలోచన ఉందో చెప్పేవారు అంత తేలికగా దొరకరు. ఈ సమీక్ష ముఖ్యంగా వారికోసం రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. నిర్వచనాల విషయంలోనూ, తెలియని సంగతిని తెలియదని నిజాయతీగా చెప్పే వీలు కల్పించడంలోనూ నీమ్ చాలా మంచి ప్రమాణం. అయితే దాన్ని తెచ్చి పెట్టుకున్నంత మాత్రాన శాఖల మధ్య పొంతన కుదిరిపోతుందని ఆశించేవారికి నిరాశే ఎదురవుతుంది, ఎందుకంటే ఆ పనిలో సగభాగాన్ని నీమ్ తెలిసే శాఖలకు వదిలిపెట్టింది.

దీని పుట్టుక గురించి కొద్దిగా చెప్పాలి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, వేర్వేరు సంస్థల దగ్గర విడివిడిగా ఉన్న సమాచారం ఒకచోటికి ఎందుకు చేరలేదన్న ప్రశ్న అమెరికా ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. న్యాయ శాఖ చొరవతో పోలీసులు, కోర్టులు, జైళ్ల కోసం గ్లోబల్ జస్టిస్ ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటా మోడల్ అనే నమూనా ఆ రోజుల్లోనే రూపుదిద్దుకుంది (ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే కంప్యూటర్లు చదవగలిగేలా సమాచారాన్ని గుర్తులతో రాసే పద్ధతి). దాని సాంకేతిక పనిలో జార్జియా టెక్ పరిశోధన సంస్థది ముఖ్య పాత్ర. 2005లో న్యాయ శాఖ, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కలిసి ఆ నమూనా పునాది మీదే నీమ్‌ను ప్రారంభించాయి. మొదటి వెర్షన్ 2006లో వచ్చింది. 2010లో ఆరోగ్య, మానవ సేవల శాఖ భాగస్వామిగా చేరింది. సమాచార మార్పిడికి ముందుగా నీమ్‌నే పరిశీలించాలని 2013లో రక్షణ శాఖ నిర్ణయించింది. పుట్టుక న్యాయ వ్యవస్థలో కావడం వల్ల ఆ ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి: పోలీసు, కోర్టు, జైలు పనులకు సంబంధించిన పదజాలం నిండుగా, పరిణతితో ఉంటుంది, కొన్ని ఇతర రంగాలది అంత నిండుగా ఉండదు.

ఇలాంటి ప్రమాణం అసలు ఎందుకు కావాలో తెలియాలంటే అక్కడి పాలనా నిర్మాణం గుర్తుంచుకోవాలి. ఆ దేశంలో పోలీసు సంస్థలే దాదాపు 18,000 ఉన్నాయి. నగరానిది వేరు, కౌంటీ షెరీఫ్‌ది వేరు, రాష్ట్రానిది వేరు, సమాఖ్య ప్రభుత్వానిది వేరు. ఒక్కొక్కరు ఒక్కో కంపెనీ దగ్గర కొన్న సాఫ్ట్‌వేర్ వాడతారు. పది సంస్థలు జంటలు జంటలుగా ఒప్పందం చేసుకుంటూ పోతే 45 ఒప్పందాలు కావాలి. యాభై సంస్థలైతే 1,225. వీటిలో ఏ ఒక్క సంస్థ తన వ్యవస్థను మార్చుకున్నా ఆ సంస్థ పేరున్న ప్రతి ఒప్పందాన్నీ మళ్లీ తెరవాలి. అందరూ ఒక ఉమ్మడి పదజాలానికి కట్టుబడితే, ఎవరి వ్యవస్థను వారు ఆ పదజాలానికి ఒకసారి జతపరుచుకుంటే సరిపోతుంది. నీమ్ ఇచ్చిన మాట ఇదే. ఆ మాట ఎంతవరకు నిలబడిందన్నదే ఇక్కడ చూడవలసినది.

నిర్మాణం చెప్పుకోవడానికి సరళమైనదే. వ్యక్తి, స్థలం, సంస్థ, వస్తువు, కార్యకలాపం వంటి అందరికీ పనికొచ్చే అంశాలు కోర్ అనే ఉమ్మడి భాగంలో ఉంటాయి. న్యాయం, వలసలు, అత్యవసర నిర్వహణ, సముద్ర రవాణా, బయోమెట్రిక్స్, అంతర్జాతీయ వాణిజ్యం వంటి రంగాలకు డొమైన్లు అనే విడివిడి భాగాలు ఉంటాయి. ఒక డొమైన్‌కు వ్యక్తి గురించి అదనంగా ఏదైనా చెప్పాల్సి వస్తే కోర్‌లోని వ్యక్తి నిర్వచనాన్ని ముట్టుకోకుండా, దానికి అనుబంధంగా తన అంశాలు చేర్చుకునే పద్ధతి ఉంది. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చిన వాటిలో ఒకటి, ఎందుకంటే జైలు విభాగం అవసరం తీర్చబోయి ఆరోగ్య విభాగం నిర్వచనాన్ని చెడగొట్టే ప్రమాదాన్ని ఇది మొదట్లోనే తప్పిస్తుంది. ఒకే మనిషి ఒక కేసులో నిందితుడు, మరో కేసులో బాధితుడు, ఇంకో చోట సాక్షి కావచ్చు. అందుకని మనిషిని ఒకసారి వర్ణించి, అతడు నిర్వహించిన పాత్రలను విడిగా చెప్పే ఏర్పాటు కూడా చేశారు. కోర్టు రికార్డులతో పనిచేసినవారికి దీని విలువ వెంటనే తెలుస్తుంది.

ఇక వివరంగా చూడవలసింది పేర్ల సంగతి. నీమ్ కోర్‌లో వ్యక్తి పేరు కింద పెట్టిన పేరు, మధ్య పేరు, ఇంటిపేరు, ముందు చేర్చే గౌరవ పదం, చివర చేర్చే జూనియర్ వంటి మాట, వీటన్నిటితో పాటు పూర్తి పేరు అనే విడి అంశం ఉన్నాయి. వీటిలో ఏదీ తప్పనిసరి కాదు, ఒక మనిషికి ఒకటికంటే ఎక్కువ పేర్లను పంపవచ్చు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ ఏర్పాటు ఎందుకు ముఖ్యమో విడమరచి చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అన్న మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని చెప్పడానికి వాడే గుర్తు అది. ఆ తరువాత ఆ మూడక్షరాలు మనిషి వెంట శాఖ నుంచి శాఖకు నడుస్తాయి. ఒక కార్యాలయం వాటిని నిజమైన పేరుగా ఎక్కించుకుంటుంది, ఇంకొకటి తీసేస్తుంది, మరొకటి మిగిలిన పేరును తనకు తోచిన చోట రెండుగా విడగొడుతుంది. మూడు చోట్ల మూడు రికార్డులు ఏర్పడతాయి, ఏ రెండూ జత కలవవు. ఆ మనిషి తానెవరో ప్రతి కిటికీ దగ్గరా మళ్లీ మొదటి నుంచి రుజువు చేసుకోవాలి.

నీమ్ ప్రకారం నిర్మించిన సందేశంలో ఈ అవస్థను తప్పించే మార్గం ఉంది. పంపే శాఖ పత్రంలో ఉన్న పేరును ఉన్నట్టుగా పూర్తి పేరులో పెట్టి, పెట్టిన పేరు అన్న అంశాన్ని అసలు పంపకుండా ఉండవచ్చు; అంటే లేని పేరు స్థానంలో గుర్తును కూర్చోబెట్టవలసిన అవసరం రాదు. గుర్తుకీ పేరుకీ తేడా చెరిగిపోకుండా ఉంటుంది. అయితే మార్గం ఉండడం వేరు, దాన్ని వాడడం వేరు. అందుకునే శాఖ డేటాబేసులో మొదటి పేరు తప్పనిసరి గడి అయితే, మార్పిడి మధ్యలో ఎవరో ఒక ప్రోగ్రామర్ ఆ ఖాళీని మళ్లీ ఎఫ్‌ఎన్‌యూతో నింపుతాడు, సందేశం ఎంత శుభ్రంగా ప్రయాణించినా చివర్లో అదే రికార్డు తయారవుతుంది. ప్రమాణం చేతులు దారిలో ఉన్న సందేశం వరకే; గమ్యంలో ఉన్న డేటాబేసు మీద దానికి అధికారం లేదు.

తేదీల్లోనూ ఇదే నిజాయతీ కనిపిస్తుంది. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసిన మనిషికి సంవత్సరం మాత్రమే, సంవత్సరంతో పాటు నెల తెలిస్తే ఆ రెండే పంపడానికి నీమ్‌లో విడి రూపాలు ఉన్నాయి. రోజు తెలియనప్పుడు జనవరి 1 అని వేసే అలవాటు ప్రభుత్వ కార్యాలయాల్లో ఎంత విస్తారంగా ఉందో, ఆ అలవాటు వల్ల ఒకే పుట్టినరోజున్న వేర్వేరు మనుషుల రికార్డులు ఎలా కలగాపులగమవుతాయో రికార్డుల సరిపోలిక మీద పనిచేసినవారెవరినడిగినా చెబుతారు. తెలిసినంతవరకే చెప్పే వీలును డేటా మోడల్ స్థాయిలోనే కల్పించడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు కోడ్ పట్టికల సంగతి. దేశాల పేర్లకు అమెరికా ప్రభుత్వం చాలాకాలం ఎఫ్‌ఐపీఎస్ 10-4 అనే సొంత పట్టికను వాడింది. ప్రపంచమంతా వాడేది ఐఎస్‌ఓ 3166. రెండింటిలోనూ రెండక్షరాల కోడ్‌లు ఉన్నాయి. పాత పట్టికలో సీహెచ్ అంటే చైనా, ఐఎస్‌ఓ పట్టికలో సీహెచ్ అంటే స్విట్జర్లాండ్. ఏయూ అంటే ఒకదానిలో ఆస్ట్రియా, ఇంకొకదానిలో ఆస్ట్రేలియా. జీఎమ్ అంటే అక్కడ జర్మనీ, ఇక్కడ గాంబియా. ఒక శాఖ పాత పట్టిక ప్రకారం పుట్టిన దేశం పంపి, ఇంకో శాఖ ఐఎస్‌ఓ పట్టిక ప్రకారం చదివితే ఏ కంప్యూటరూ లోపం చూపదు. రెండూ చెల్లే కోడ్‌లే, సందేశం అన్ని తనిఖీలూ దాటుతుంది, మనిషి దేశం మాత్రం మారిపోతుంది. పాత పట్టికను 2008లో ఉపసంహరించినా, ఏళ్ల క్రితం దాని ప్రకారం నింపిన రికార్డులు డేటాబేసుల్లో అలాగే ఉంటాయి.

నీమ్ ఇక్కడ చేసిన మంచి పని ఏమిటంటే, కోడ్ ఏ పట్టికకు చెందినదో అంశం పేరులోనూ రకంలోనూ తెలిసేలా కట్టుదిట్టం చేసింది. ఐఎస్‌ఓ కోడ్ పెట్టే అంశం వేరు, అమెరికా ప్రభుత్వం పాత పట్టిక తరువాత తెచ్చుకున్న జెన్‌సీ పట్టిక కోడ్ పెట్టే అంశం వేరు. దేశం అన్న ఒకే గడిలో ఎవరికి తోచిన కోడ్ వారు వేసే అవకాశం ఉండదు. కళ్ల రంగు వంటి అంశాలకు పోలీసులు ఎప్పటినుంచో వాడుతున్న ఎఫ్‌బీఐ నేర సమాచార కేంద్రం కోడ్‌లనే స్వీకరించడం కూడా తెలివైన నిర్ణయం. ఆ పట్టికలో తెలియదు అని చెప్పడానికి మూడు ఎక్స్ అక్షరాలతో ప్రత్యేక కోడ్ ఉంది. అధికారి చూసి గుర్తించలేకపోవడం ఒక సంగతి, ఎవరూ ఆ గడి నింపకపోవడం మరో సంగతి. ఆ రెండింటినీ వేరుచేయగలిగితేనే గాలింపులో ఆ రికార్డు పనికొస్తుంది. కొత్త పట్టిక ఒకటి సృష్టించి అందరి మీదా రుద్దే బదులు, రంగంలో నిలబడిన పట్టికను తెచ్చి దాని యజమాని ఎవరో స్పష్టంగా రాసిపెట్టడం ప్రమాణాలు రాసేవారందరూ గమనించవలసిన పద్ధతి.

నా దృష్టిలో నీమ్‌లో అన్నిటికంటే విలువైనది మాత్రం దాని పేర్ల, నిర్వచనాల నియమావళి. ప్రతి అంశానికీ రాతపూర్వక నిర్వచనం ఉండి తీరాలి. అంశం పేరు దేని గురించి, దానిలోని ఏ లక్షణం, ఏ రూపంలో అన్న క్రమంలో ఉండాలి. చివరి మాట చూస్తే అది తేదీయా, కోడా, మొత్తమా, అవునో కాదో చెప్పే సూచికా అన్నది తెలియాలి. సూచిక అయితే ఏ పరిస్థితిలో నిజమవుతుందో, ఏ పరిస్థితిలో కాదో నిర్వచనంలోనే చెప్పాలి. మొదటిసారి చదివేవారికి ఇదంతా అనవసరమైన లాంఛనంలా కనిపించవచ్చు. పని మధ్యలోకి వెళ్లాక దాని ప్రయోజనం తెలుస్తుంది.

నేను కూర్చున్న ఒక సమావేశం గురించి చెబుతాను. కోర్టు తరఫున ఒక సీనియర్ గుమస్తా, జైలు విభాగం నుంచి రికార్డులు చూసే అధికారిణి, బాధితులకు సమాచారం అందించే కార్యాలయం నుంచి ఒకరు, ఇద్దరు ముగ్గురు ప్రోగ్రామర్లు. తెర మీద ఏ గడి దేనికి జతో చూపే మ్యాపింగ్ పట్టిక: ఎడమ వైపు కోర్టు వ్యవస్థలోని ఫీల్డ్, మధ్యలో జైలు వ్యవస్థలోని ఫీల్డ్, కుడి వైపు నీమ్ అంశం. పేర్లు, కేసు నంబర్లు వరసగా దాటిపోయాయి. విడుదల తేదీ అన్న వరస దగ్గర పని ఆగింది. రెండు వ్యవస్థల్లోనూ ఆ పేరుతో ఫీల్డ్ ఉంది, రెండూ తేదీలే, కాబట్టి గీత గీసి ముందుకు వెళ్దామని ప్రోగ్రామర్లు అనుకున్నారు. నిర్వచనం గడి ఖాళీగా ఉంచడానికి నియమం ఒప్పుకోదు కనుక, దాన్ని నింపమని గుమస్తాను అడిగాం. న్యాయమూర్తి విడుదల ఉత్తర్వు మీద సంతకం చేసిన తేదీ అన్నారాయన. జైలు అధికారిణి అది కానే కాదన్నారు: ఉత్తర్వు అందాక వేరే వారెంట్లు ఏమైనా ఉన్నాయేమో సరిచూస్తారు, వేరే కౌంటీ వారు తమకు అప్పగించమని కోరి ఉంటే ఆపుతారు, ఇవన్నీ ముగిసి మనిషి గేటు దాటి వెళ్లిన తేదీ తమకు విడుదల తేదీ. పైగా వారి పాత వ్యవస్థలో, మనిషి ఇంకా లోపల ఉన్నప్పుడు అదే ఫీల్డ్‌లో శిక్ష పూర్తయ్యే అంచనా తేదీ ఉంటుందట.

అప్పటిదాకా మాట్లాడకుండా ఉన్న బాధితుల కార్యాలయం ప్రతినిధి, తమకు వచ్చే సందేశంలో ఉన్న తేదీని బట్టే దాడికి గురైనవారికి ఫోన్ వెళ్తుందని గుర్తుచేశారు. అంచనా తేదీని అసలు తేదీగా చదివితే ఒకరికి అనవసర భయం. ఉత్తర్వు తేదీని జైలు దాటిన తేదీగా చదివితే మనిషి బయటికి వచ్చేవేళకు రక్షణ ఏర్పాట్లు ఎక్కడుండాలో అక్కడ ఉండకపోవచ్చు. ఆ రోజు మిగిలిన సమయమంతా ఆ ఒక్క వరసకే పోయింది, పోవలసిందే. చివరికి ఉత్తర్వు తేదీ, వాస్తవంగా వెళ్లిన తేదీ, అంచనా తేదీ మూడు వేర్వేరు అంశాలయ్యాయి, మూడింటికీ పూర్తి వాక్యాల్లో నిర్వచనాలు రాసుకున్నాం. ఈ తేడా అక్కడున్న ముగ్గురికీ ముందునుంచే తెలుసు. అడగవలసిన ప్రశ్న అడిగేలా చేసింది నిర్వచనం రాయకుండా ముందుకు పోనివ్వని నియమం. నీమ్‌కు నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం దీనికే.

లోపాలు కూడా అంతే వివరంగా చెప్పాలి. మొదటిది, నేర్చుకోవడం కష్టం. అరెస్టు తేదీ అన్న అంశం కోసం న్యాయ డొమైన్‌లో వెతికే కొత్తవారు తికమకపడతారు, ఎందుకంటే నీమ్ దృష్టిలో అరెస్టు ఒక కార్యకలాపం, కాబట్టి దాని తేదీ కోర్‌లోని కార్యకలాపం నుంచి వారసత్వంగా వస్తుంది. ఆ తర్కం తెలిశాక అది సబబుగానే అనిపిస్తుంది. తెలిసేలోపు మాత్రం చాలామంది విసిగి, కావలసిన అంశం లేదని నిర్ణయించుకుని సొంత అంశాన్ని సృష్టించుకుంటారు. ఈ సొంత అంశాల విస్తరణే రెండో లోపానికి దారి. ప్రతి మార్పిడికీ సొంత అంశాలు చేర్చుకునే స్వేచ్ఛ నీమ్ ఇస్తుంది, ఆ స్వేచ్ఛ లేకపోతే ఏ ప్రమాణమూ బతకదు కూడా. కానీ రెండు రాష్ట్రాలు ఒకే అవసరానికి రెండు సొంత అంశాలు చేసుకుంటే, రెండూ నీమ్ నియమాలకు అనుగుణంగానే ఉంటాయి, ఒకదానితో ఒకటి మాత్రం మాట్లాడుకోలేవు. పైపైన చూసి అనుగుణమని ముద్రవేసే పద్ధతి ఉన్నచోట ఈ సంగతి బయటపడదు.

మూడోది ఇంకా మౌలికమైనది. విడుదలైన మోడల్‌లో దాదాపు అంశాలన్నీ ఐచ్ఛికాలే, ఎన్నిసార్లైనా పంపదగినవే. అందరి అవసరాలకూ సరిపోవాలంటే అలా ఉండక తప్పదు. నిర్దిష్ట మార్పిడికి ఏవి తప్పనిసరి, ఏవి ఒక్కసారే రావాలి, ఏ కోడ్‌లు చెల్లుతాయి అన్నది ఆ శాఖలు కూర్చుని, కావలసిన అంశాలు మాత్రమే ఏరుకుని, బిగించి ఒక ప్యాకేజీగా కట్టుకోవాలి. స్కీమాలు, నమూనా సందేశాలు, మ్యాపింగ్ పట్టిక, వ్యవహార నియమాలు అన్నీ అందులో ఉంటాయి. దీన్నే చాలాకాలం ఐఈపీడీ అన్నారు, 6.0 వెర్షన్ నుంచి సందేశ నిర్దేశం అంటున్నారు. బిగించే పనిని వదిలేసి ఏరుకోవడంతో ఆగిపోయిన ప్యాకేజీలు చాలా చూశాను. అలాంటి ప్యాకేజీ ప్రకారం పేరు, పుట్టిన తేదీ, కేసు నంబరు ఏవీ లేని సందేశం కూడా తనిఖీ దాటుతుంది. దాన్ని అందుకున్న శాఖ ఏం చేసుకోవాలి? న్యాయ శాఖ, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ గ్రాంట్ల షరతుల్లో నీమ్‌కు అనుగుణంగా ఉండాలన్న నిబంధన ఉండడం ఈ ప్రమాణం వ్యాప్తికి బాగా తోడ్పడింది, అందులో సందేహం లేదు. కానీ షరతు తీర్చడానికి కట్టిన ప్యాకేజీకీ, మార్పిడి నడపడానికి కట్టిన ప్యాకేజీకీ ఎంత దూరం ఉంటుందో ఆ గ్రాంట్లు పరిశీలించేవారు అడిగి తెలుసుకోవాలని నా గట్టి కోరిక.

నీమ్ చేయనివి కొన్ని ఉన్నాయి, వాటిని లోపాలు అనకూడదు. సందేశాన్ని ఎలా మోసుకెళ్లాలో, ఎవరికి చూసే హక్కుందో, ఎంతకాలం దాచుకోవచ్చో అది చెప్పదు. ఎస్టోనియాలో 2001 నుంచి నడుస్తున్న ఎక్స్‌రోడ్ అనే సందేశాల రవాణా వ్యవస్థ దీనికి సరిగ్గా అటువైపు ఉన్న పని చేస్తుంది: ప్రతి సందేశం మీదా సంతకం, పంపినవారూ అందుకున్నవారూ ఎవరో తేలేలా చిట్టా, దారిలో రక్షణ, లోపల ఉన్న మాటకు అర్థమేమిటన్నది మాత్రం దాని పరిధి కాదు. యూరోపియన్ కమిషన్ 2017లో సవరించి వెలువరించిన ఇంటరాపరబిలిటీ (వ్యవస్థల మధ్య పొంతన) చట్రం చట్టం, సంస్థాగత ఏర్పాటు, అర్థం, సాంకేతికత అని నాలుగు అంచెలు చెబుతుంది. ఆ లెక్కలో నీమ్ బలం మూడో అంచెలో, కొంతవరకు నాలుగో అంచెలో ఉంది. మొదటి రెండు అంచెల పని నీమ్ చేస్తుందని టెండరు పత్రాల్లో రాసినవారిని నమ్మవద్దు. బాలల సంక్షేమ రికార్డును పోలీసులకు చూపవచ్చా లేదా అన్న ప్రశ్నకు స్కీమాలో జవాబు దొరకదు, చట్టంలోనూ ఇరు శాఖల ఒప్పందంలోనూ దొరకాలి.

నిర్వహణ విషయంలో నాకు ఫిర్యాదులకంటే గౌరవమే ఎక్కువ. డొమైన్‌ను ఆ రంగంవారే చూసుకుంటారు. కోర్‌లో మార్పు కావాలంటే అందరూ కలిసి ఒప్పుకోవాలి. కోర్ మార్పులు ప్రధాన విడుదలల్లోనే వస్తాయి, మధ్యలో వచ్చే చిన్న విడుదలలు డొమైన్ల వరకే పరిమితం. 2013లో 3.0, 2017లో 4.0, 2020లో 5.0 వచ్చాయి. ఈ నెమ్మదితనం కొందరికి చిరాకు కలిగిస్తుందని తెలుసు. నాకైతే, వేర్వేరు బడ్జెట్లు, వేర్వేరు కాంట్రాక్టులు ఉన్న శాఖలు ఒకే పదజాలానికి కట్టుబడి ఉండాలంటే పునాది తరచుగా కదలకపోవడమే కావాలనిపిస్తుంది. పాత వెర్షన్‌తో కట్టిన ప్యాకేజీ కొత్తది వచ్చిందని చెల్లకుండా పోదు. మారాలనుకున్న శాఖ తన వీలు చూసుకుని మారవచ్చు.

2022లో ఈ పని ఒయాసిస్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కింద నీమ్‌ఓపెన్ పేరుతో బహిరంగ ప్రాజెక్టుగా మారింది. ఒక ప్రభుత్వ కార్యక్రమ కార్యాలయం నిధుల మీద ఆధారపడి బతికే ప్రమాణం ఎంత అనిశ్చితంగా ఉంటుందో చూసినవారికి ఇది ఊరట కలిగించే మార్పు. మోడల్‌ను ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమా నుంచి విడదీసి, ఏ సాంకేతికతకూ కట్టుబడని ఉమ్మడి రూపంలో రాసుకునే పద్ధతి తేవడం, ఇప్పుడు ఎక్కువగా వాడే తేలికైన జేసన్ రూపంలోని సందేశాలకు మొదటి వరసలో చోటివ్వడం సరైన దిశలో వేసిన అడుగులు. ఈ తరం ప్రోగ్రామర్లు ఎక్స్‌ఎమ్‌ఎల్ స్కీమాలో ప్రత్యామ్నాయ సమూహాలు, నేమ్‌స్పేసులు వంటి చిక్కులు నేర్చుకోవడానికి ఇష్టపడరు, అందుకు వారిని తప్పుపట్టలేం. అయితే సాధనాల విషయంలో ఇంకా చాలా చేయాలి. కావలసిన అంశాలు వెతికి ఏరుకునే ఉచిత సాధనాలు ఉన్నాయి, పనిచేస్తాయి. కోర్టు గుమస్తా సొంతంగా తెరిచి నిర్వచనం చదివి ఇది మా అర్థం కాదని చెప్పగలిగినంత సులువుగా మాత్రం లేవు. ఆ గుమస్తా అభిప్రాయం లేకుండా కట్టిన ప్యాకేజీ ఎలా ఉంటుందో పైన చెప్పాను.

ఎవరికి సిఫారసు చేస్తాను? న్యాయం, వలసలు, ప్రజాభద్రత, అత్యవసర నిర్వహణ రంగాల్లో రెండు మూడు శాఖలకు మించి మార్పిడి ఉన్నచోట సందేహించకుండా నీమ్‌తో మొదలుపెట్టమంటాను. వైద్య రికార్డుల విషయంలో వాటి మార్పిడికే తయారైన ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ప్రమాణం ఇప్పటికే ఆసుపత్రుల వ్యవస్థల్లో నాటుకుపోయింది, అక్కడ దానితో పోటీపడవలసిన పని లేదు. వైద్య వ్యవస్థకూ జైలుకూ మధ్య మార్పిడిలో సరిహద్దు ఎక్కడో ముందే తేల్చుకోవాలి. రెండే శాఖలు, పది ఫీల్డులు, ఎప్పటికీ మూడో శాఖ చేరదన్న నమ్మకం ఉంటే మొత్తం ప్యాకేజీ కట్టే శ్రమ వద్దు, కానీ నిర్వచనాలు మాత్రం నీమ్ నుంచే తీసుకోండి, ఎందుకంటే మూడో శాఖ చేరదన్న నమ్మకం నిలబడడం అరుదు.

మొదలుపెట్టేవారికి ఒక పద్ధతి చెబుతాను. మ్యాపింగ్ పట్టిక పూర్తయ్యాక ప్రోగ్రామర్లకు ఇచ్చే ముందు, నిజమైన కేసుల్లాంటి నమూనా రికార్డులు కొన్ని తయారుచేయండి: ఇంటిపేరు లేని మనిషి, పుట్టిన రోజు తెలియని మనిషి, ఉత్తర్వు వచ్చాక కూడా వేరే వారెంటు మీద జైల్లోనే ఉన్న మనిషి. వాటిని అందుకునే శాఖలో ఆ రికార్డును రోజూ వాడే ఉద్యోగి ముందు పెట్టి, పంపిన శాఖవారు ఎదురుగా కూర్చోగా, ఒక్కో అంశం తనకు ఏం చెబుతోందో ఆమె మాటల్లో చెప్పమనండి. ఆమె చెప్పినదీ పంపినవారు ఉద్దేశించినదీ ఎక్కడ వేరైతే అక్కడ నిర్వచనాన్ని తిరగరాయండి, తప్పనిసరి అంశాల జాబితాను మళ్లీ బిగించండి, అది ముగిశాకే ప్యాకేజీకి వెర్షన్ సంఖ్య ఇవ్వండి.